డాబా మీద పదకొండు గీతలు

నూజివీడులో ఏ కారు పెయింటర్ని కదిపినా ఈ కథ చెబుతాడు. ఒక మాస్టారు పాతకాలపు పడవ మోటారు తెచ్చాడట. దాని అసలు రంగు కంప్యూటరుకి దొరకలేదట. ఇరవై ఏళ్ళుగా రంగులు కలుపుతున్న బీఎస్సీ మేడంకీ దొరకలేదట. మామిడికాయల షెడ్డు నుంచి వచ్చిన ఒక ఆడమనిషి మాత్రం ఒక్క చూపు చూసి, డబ్బాలో నాలుగు చుక్కలు వేసి, కలిపి చేతికిచ్చేసిందట. చెప్పేవాడు చివర్లో టీ గ్లాసు కింద పెట్టి, "కన్నంటే అదండీ" అంటాడు. వినేవాడు తలాడిస్తాడు.

ఆ బీఎస్సీ మేడంని నేనే. నేను తలాడించను.

కంప్యూటరుకి రంగు దొరికింది. నాకూ దొరికింది. మా ఇద్దరికీ దొరికింది తప్పు రంగు, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఒక్క చూపు అన్నది మాత్రం శుద్ధ అబద్ధం. అది పదకొండు రోజుల చూపు. ఆ సంగతి తెలిసిన మనుషులు ఇద్దరే, ఆమె, నేను. ఆమె ఇంతవరకూ నోరు విప్పలేదు. అందుకని నేను విప్పుతున్నాను. ఆమె మీద ప్రేమ పొంగి కాదు. ఇవాళ ఏసీ గదుల్లో మెషిన్ల ముందు కూర్చుంటున్న పిల్లలు ఈ కథ విని, రంగు పట్టడం పుట్టుకతో వచ్చే విద్య అనుకుని, తమకది లేదని దిగులుపడుతున్నారు. ఇద్దరు ముగ్గురు నాతోనే అన్నారు. అది వినడం నా వల్ల కావడం లేదు.

ముందు ఆమె ఎవరో చెప్పాలి. మా దుకాణంలో కార్ల రంగులు కలిపి అమ్మేవాళ్ళం. వెనక పెరట్లో రేకుల షెడ్డు, అందులో ఒక పెయింటరు. కౌంటరు దగ్గర కలిపే కుర్చీ నాది. ఆమె డబ్బాలు తుడవడానికి, మూతల మీద రంగు చుక్క పెట్టి ఆరబెట్టడానికి వచ్చింది. చాట్రాయి నుంచి పొద్దున బస్సు. అంతకుముందు తొమ్మిదేళ్ళు మామిడికాయల గ్రేడింగు. కుప్ప చుట్టూ కూర్చుని, కాయని చేతిలో ఒక్క తిప్పు తిప్పి, మూడు గుట్టల్లో ఏదో ఒకదాని మీదకి విసరడం పని. ఎండ పక్క ఎంత రంగుంది, నీడ పక్క ఎంత ఉంది, ఏది రేపటికి తిరుగుతుంది, ఏది ఢిల్లీ దాకా ఆగుతుంది, ఆ ఒక్క తిప్పులో తేల్చాలి. ఆమె చదువు అయిదో తరగతి. వయసులో నాకన్నా పదేళ్ళు చిన్న. కళ్ళజోడు లేదు. నాకు ముప్పై ఎనిమిదికే వచ్చింది.

మొదటి ఏడాది ఆమె ఉన్నట్టే నాకు తెలియదు. రెండో ఏడాది నుంచి తెలియడం మొదలైంది. నేను కలిపిన రంగు తీసుకుని పెయింటర్లు గుమ్మం దాకా వెళ్ళి, ఆమె తుడుస్తున్న బల్ల దగ్గర ఆగేవాళ్ళు. "ఏమ్మా, ఇది సరిపోద్దంటావా?" ఆమె తలెత్తకుండానే, "ఒక చుక్క నలుపెక్కువైందేమోనండీ" అనేది. వాళ్ళు వెనక్కి తెచ్చి, నా ముందు డబ్బా పెట్టి, నేలచూపులు చూస్తూ, "మేడం, కొంచెం నలుపు..." అనేవాళ్ళు. నేను రంగుని చదివి లెక్క చెప్పే స్కానర్ పెట్టి చూసేదాన్ని. నలుపు ఎక్కువే ఉండేది. పదిసార్లలో ఏడుసార్లు ఉండేది. మిగిలిన మూడుసార్ల గురించి ఇప్పుడు ఎవరూ చెప్పరు, గమనించండి.

చిన్న చిన్నవాటికి కూడా నాకు మండేది. టీ కుర్రాడు గ్లాసు ముందు ఆమెకి ఇచ్చేవాడు. మా పెయింటరు నాతో మాట్లాడేటప్పుడు చేతులు కట్టుకునేవాడు, ఆమెతో మాట్లాడేటప్పుడు నవ్వేవాడు. ఆమె నాకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. అదే ఎక్కువ మండేది. వాదించే మనిషైతే నేను గెలిచేదాన్ని. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా ఇంట్లోనే లేరు.

ఏడేళ్ళ కిందట, మామిడి పూత రాలి పిందె పడుతున్న రోజుల్లో, మా ఓనరు ఇద్దరినీ పిలిచి చెప్పాడు. విస్సన్నపేటలో రెండో దుకాణం తెరుస్తున్నాడు. నూజివీడు దుకాణానికి కొత్త కలర్ మెషిను వస్తుంది, దానికో గది, ఏసీ. ఇద్దరిలో ఒకరు మెషిను దగ్గర ఇన్‌ఛార్జి. ఇంకొకరు రోజూ బస్సెక్కి విస్సన్నపేట వెళ్ళి అక్కడి చిన్న కౌంటరు చూసుకోవాలి.

"ఎవరన్నది వేసవి చూసి చెబుతానండీ మేడం గారూ" అన్నాడు.

"చూడ్డానికేముందండీ ఇందులో?" అన్నాను.

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె గోళ్ళలో రంగు గీక్కుంటోంది. ఇరవై ఏళ్ళు కూర్చున్న కుర్చీ గురించి, డబ్బాలు తుడిచే మనిషితో నన్ను పక్కపక్కన నిలబెట్టి చూస్తానంటున్నాడు. ఆ రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వారంలోనే మాస్టారు ఆటోలో మోటారు తెచ్చాడు. పడవ వెనక తగిలించి నడిపే ఇంజను. పైన గుమ్మడికాయంత మూత, కింద పొడుగాటి కాలు, చివర రెక్కలు. మాస్టారు రిటైరైన హెడ్మాస్టరు, డెబ్భై దాటినవాడు. వాళ్ళ నాన్న మిషన్ ఆసుపత్రి పడవ నడిపేవాడట. డాక్టరమ్మని, మందుల పెట్టెని ఎక్కించుకుని కొల్లేటి లంకల్లో తిరిగేవాడట. ఆసుపత్రి ఆ పడవ మానేశాక మోటారు వాళ్ళింటికే వచ్చింది. వీళ్ళు చాట్రాయి వైపు మామిడితోట కొనుక్కున్నాక తోటలో కాయల షెడ్డులో దూలానికి వేలాడింది. కిటికీలకి వేయగా మిగిలిన సిల్వర్ రంగు ఎవరో దానికి పూశారు. అంతకుముందు ఇంకెవరో ఎర్ర ప్రైమరు పూశారు. దాని మీద మామిడి సొన కారి నల్లటి చారలు.

"చర్చి హాల్లో పెడతామంటున్నారమ్మా, ఈస్టరుకి. నడవక్కర్లేదు. రంగు మాత్రం అప్పటిదే ఉండాలి. కొత్తగా వచ్చినప్పటిది" అన్నాడు.

"ఏ రంగో గుర్తుందా మాస్టారూ?"

"నీలం. నీలమే. నాకు ఆరేడేళ్ళు అప్పుడు."

ఇలాంటి పనుల్లో జ్ఞాపకాన్ని నమ్మకూడదన్నది నా మొదటి సూత్రం. వస్తువునే అడగాలి. మా పెయింటరు సిల్వరు, ఎరుపు గీకి చూశాడు. కింద అసలు రంగు పాలిపోయి సుద్దలా రాలిపోతోంది. దాన్ని ఏ స్కానరూ చదవలేదు. అప్పుడు నేను మూత విప్పించాను. లోపల, ఇంజనుకి ఆనుకుని, రెండు స్క్రూలతో బిగించిన రేకు పలక ఒకటి, బిస్కెట్ ప్యాకెట్టంత. ఎవడూ దాన్ని విప్పలేదు, ఏ బ్రష్షూ దాన్ని తాకలేదు. నూనె జిడ్డు తుడిస్తే కింద నిగనిగలాడే రంగు, నీలంలో ఆకుపచ్చ కలిసిన రంగు. వెలవలేదు, రాలలేదు. అరవై ఏళ్ళుగా చీకట్లో దాక్కున్న రంగు నా అరచేతిలో ఉంది. మా పెయింటరు కూడా ఈల వేశాడు.

నేను ఆమె వైపు చూశాను, కావాలనే.

ఆమె దగ్గరికొచ్చి పలకని ఒక్క తిప్పు తిప్పింది, కాయని తిప్పినట్టే. "ఇది నీడ పక్క కదండీ మేడం" అంది.

"అంటే?"

"ఎండకి పెట్టి చూద్దామండీ. మా ఇంట్లో తలుపుకి తెల్ల ఎనామిల్ వేశారండీ. దాని మీద క్యాలెండర్ ఉన్నంత మేరా పసుప్పచ్చగా అయింది. క్యాలెండర్ తీసేసి, తలుపు వాకిట్లోకి తెరిచి పెట్టాక మళ్ళీ తెల్లబడింది. దీంట్లో ఆకుపచ్చ కూడా అట్టాటిదేమోనండీ."

"రంగు ఎండలో వెలుస్తుందా, తేరుతుందా?" అన్నాను.

"రెండూనండీ. వెలవడానికి ఏళ్ళు పడద్ది. తేరడానికి రోజులు చాలు."

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం. ఆమె చెప్పింది నిజం. నూనెతో చేసే పాత ఎనామిల్ చీకట్లో ఉంటే పసుపు తిరుగుతుంది. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చగా కనపడుతుంది. పగటి వెలుగు తగిలితే ఆ పసుపు పోతుంది. కంపెనీ ట్రైనింగు పుస్తకంలో ఈ ముక్క ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ ఆ పుస్తకాన్నీ ఒక ఇంటి తలుపునీ కలిపి ఆలోచించడం నాకు రాలేదు. వచ్చి ఉంటే కూడా, ఆమె నోటి నుంచి వచ్చింది కాబట్టి తోసేసేదాన్నేమో. తోసేశాను.

"ఉన్న ఒక్క నమూనా. దాన్ని ఎండబెట్టి పాడుచేస్తే మాస్టారికి నువ్వు సమాధానం చెబుతావా? ఇవి కాయలు కాదమ్మా" అన్నాను. పలకని స్కానర్ కింద పెట్టి, చదివించి, నా సొరుగులో వేశాను.

తర్వాత దాదాపు రెండు వారాలు ఆ రంగుతోనే బతికాను. స్కానర్ ఇచ్చిన లెక్కకి దగ్గరగా కలపడం, మూత మీద పూయడం, ఆరాక స్కానర్ కింద పెట్టి ఆ లెక్కతో పోల్చడం, మళ్ళీ కలపడం. తడి రంగు ఒకటి, ఆరిన రంగు ఒకటి. పదిహేడో మూతకి దొరికింది. పక్కన పెట్టి చూసుకుందామని సొరుగు తెరిస్తే పలక లేదు.

ఓనరు టేబులు వెతికాను, షెడ్డు వెతికాను. ఆమెని అడగలేదు. ఆమె మధ్యాహ్నం అన్నం తినడానికి డాబా ఎక్కుతుందని గుర్తొచ్చింది. ఆమె కింద డబ్బాలు దింపించుకుంటుండగా నేను పైకి వెళ్ళాను.

నీళ్ళ ట్యాంకు పక్కన, పిట్టగోడ మీద ఉంది. పలకలో సగానికి డబ్బా మూత బోర్లించి, దాని మీద ఇటుక ముక్క పెట్టింది. మిగిలిన సగం ఎండకి వదిలింది. పక్కన గోడ మీద సుద్దతో గీతలు. నాలుగు నిలువు గీతలు, వాటిని కొట్టేస్తూ అయిదోది అడ్డం. మళ్ళీ అలాగే అయిదు. తర్వాత ఒంటరిగా ఒకటి. మామిడికాయల షెడ్లో గంపలు లెక్కపెట్టే పద్ధతి అది. పదకొండు. సాయంత్రం దుకాణం మూసేముందు తెచ్చి నా సొరుగులో పెట్టి, పొద్దున నేను రాకముందు తీసుకెళ్ళి ఉండాలి. ఆ రోజు నేను పగటిపూట సొరుగు తెరిచాను, అంతే.

ఇటుక తీసి, మూత ఎత్తాను.

కప్పి ఉన్న సగం నా పదిహేడో మూత రంగులోనే ఉంది. ఎండ తగిలిన సగం నీలం. ఆకాశనీలం కాదు, కుంకుడుకాయ నురగలో బట్టలనీలం కలిపినట్టుండే మెత్తటి నీలం. రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టుంది. వెలవడం కాదది. వెలిస్తే మెరుపు పోతుంది. అది మెరుస్తోంది.

అరికాళ్ళు కాలుతున్నాయి, చెప్పులు మెట్ల దగ్గర వదిలేశాను. అయినా కదల్లేదు. మీకు అబద్ధం చెప్పను. ఆ క్షణంలో నాకు ఆశ్చర్యం లేదు, ఆనందం లేదు, సైన్సు లేదు. బస్సు కనపడింది. విస్సన్నపేట బస్సులో కిటికీ పక్కన టిఫిన్ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నేను కనపడ్డాను.

చెంగు తడిపి గోడ మీద గీతలు తుడిచేశాను. పలకని పేపర్లో చుట్టి బ్యాగులో టిఫిన్ కింద పెట్టాను. కిందకి దిగి పెయింటర్ని పిలిచి, "రంగు దొరికింది, కొట్టేయ్" అన్నాను.

"ఓసారి పలక పక్కన పెట్టి చూద్దామా మేడం?"

"నేను చూశాను."

ఆమె డబ్బాల మధ్య నుంచి నా వైపు చూసింది. తడిసిన నా చెంగు చూసిందో లేదో నాకు తెలియదు. మధ్యాహ్నం డాబా ఎక్కింది. దిగొచ్చింది. ఏమీ అడగలేదు. మామూలుగానే మూతలు తుడిచింది.

నాలుగో రోజు మాస్టారు వచ్చాడు. పెరట్లో స్టాండు మీద మోటారు నిలబెట్టాం. ఆకుపచ్చ నీలంలో నిగనిగలాడుతోంది. పెయింటరు పనికి వంక పెట్టడానికి లేదు, ఎక్కడా రంగు జారలేదు. ఓనరు ఫోన్లో ఫొటోలు తీస్తున్నాడు. మాస్టారు చుట్టూ ఒకసారి తిరిగాడు. మూత మీద చెయ్యి వేశాడు.

"చాలా బాగుందమ్మా" అన్నాడు. ఆ "చాలా"లోనే నాకు తెలిసింది.

"కానీ?" అన్నాను.

"కానీ ఏం లేదమ్మా. మీరు చదువుకున్నవాళ్ళు, మిషన్లు పెట్టి చూశారు. నేను చిన్నపిల్లాణ్ణి అప్పుడు." మూత మీంచి చెయ్యి తీశాడు. "పొద్దున్నే నాన్నతో వెళ్ళేవాణ్ణి. మంచుకి నీళ్ళు, గట్టు, పడవ అన్నీ బూడిద రంగులో ఉండేవి. ఈ మోటారొక్కటే నీలంగా కనపడేది. అది చూసుకుంటూ కూర్చునేవాణ్ణి, భయమేయకుండా. ఇది... ఇది చెరువు రంగమ్మా."

నేను వాదించాను. చూడండి, అప్పటికీ వాదించాను. "చిన్నప్పటి జ్ఞాపకం మారుతుంది మాస్టారూ, రేకు మారదు" అన్నాను. బ్యాగులో మారిన రేకు పెట్టుకుని అన్నాను.

ఓనరు ఫోను జేబులో పెట్టాడు. ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, నువ్వేమంటావ్?" అన్నాడు.

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, రంగుల అలమారా కింద నుంచి ఒక డబ్బా మూత తెచ్చింది. దాని మీద రూపాయి బిళ్ళంత నీలం చుక్క, ఆరి ఉంది. మాస్టారి చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా పట్టుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదేనమ్మా" అన్నాడు. "ఇదే."

"ఎట్టా పట్టావమ్మాయ్?" ఓనరు అడిగాడు.

"చూడగానే తెలిసిందండీ" అంది.

అంతే. అక్కడ పుట్టింది మీరు వింటున్న కథ. దేన్ని చూడగానే అని ఒక్కడూ అడగలేదు. ఆ పెరట్లో ఆ నీలం ఎక్కడా లేదు. గీకేసిన పాత రంగులో లేదు, స్కానర్లో లేదు. లేని రంగుని చూడగానే ఎలా తెలుస్తుంది? నేను అడగొచ్చు. అడిగితే ఆమె డాబా సంగతి చెప్పాలి. డాబా తర్వాత నా బ్యాగు వస్తుంది. జీవితంలో మొదటిసారి, వాదించడానికి అంత మంచి పాయింటు చేతిలో ఉండి, నేను నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రం ఆమె చుక్క పెట్టిన మూతని నేను ఇంటికి తీసుకెళ్ళి, పలక నీలం సగం పక్కన పెట్టి చూశాను. తేడా లేదు. డాబా మీద అన్నం తింటూ, రోజూ ఆ నీలం తేరడం చూస్తూ, దిగొచ్చి, తుడిచే డబ్బాల అడుగున మిగిలిన రంగులతో ఆమె కలిపి ఉంటుంది. స్కానర్ లేదు, లెక్క లేదు. ఆమెకి కన్ను లేదని నేను అనడం లేదు. అంతకన్నా మంచి కన్ను నేను చూడలేదు. ఈ వాక్యం రాయడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. కానీ ఆ కన్ను పదకొండు రోజులు ఎండలో కూర్చుంది. దాన్ని ఒక్క చూపు అనడం ఆమెకి కూడా అన్యాయమే.

మోటారు మళ్ళీ గీకి నీలం కొట్టారు. బిగించేటప్పుడు పెయింటరు, "మేడం, ఆ చిన్న రేకేదీ?" అన్నాడు.

"పోయింది."

"ఎక్కడ పోయిందండీ?"

"పోయింది అంటే కనపడ్డం లేదని. ఎక్కడో తెలిస్తే పోయిందని ఎందుకంటాను?"

ఆమె వెంటనే పక్క రేకుల కొట్టుకి వెళ్ళి, అదే కొలతకి కొత్త ముక్క కోయించి తెచ్చి, నీలం పూసి ఇచ్చింది. కొలత ఎవరినీ అడగలేదు.

మెషిను గది ఆమెకి వచ్చింది. నేను అయిదేళ్ళు విస్సన్నపేట బస్సెక్కాను. కిటికీ పక్క సీటు నిజంగానే దొరికేది. రెండేళ్ళ కిందట మానేశాను, ఇప్పుడు యాభై మూడు. మానేసే రోజు నూజివీడు దుకాణంలో చిన్న వీడ్కోలు పెట్టారు. ఆమె నాకు బంగినపల్లి కాయల బుట్ట ఇచ్చింది, తనే ఏరినవి. ఒక్కటి కూడా చెడలేదు, ఒక్కటి కూడా రెండోదానికన్నా ముందు పండలేదు. అవి తింటూ కూడా నాకు మండింది.

పలక నా బీరువాలో చీరల కింద ఉండిపోయింది. మొన్న, ఈ వేసవి మొదట్లో, ఈ సంగతి రాద్దామని బయటికి తీశాను. విప్పి చూస్తే గీత లేదు. నీలం సగమూ లేదు. ఇన్నేళ్ళ చీకట్లో పలకంతా మళ్ళీ ఆకుపచ్చ నీలంగా తిరిగిపోయింది, నేను మొదట అరచేతిలో పెట్టుకున్నట్టే. నా దగ్గరున్న ఒక్క సాక్ష్యం, నా తరఫున బుకాయించడానికి సిద్ధంగా ఉంది. ఇప్పుడు నేను ఏమన్నా చెల్లుతుంది.

సగానికి మూత బోర్లించి, ఇటుక పెట్టి, మా డాబా మీద ఎండకి వదిలాను. సుద్దముక్కతో గోడ మీద గీతలు గీస్తున్నాను, ఆమె పద్ధతిలోనే. ఇవాళ పదకొండోది. నీలం వచ్చేసింది.

రేపు దీన్ని తీసుకుని దుకాణానికి వెళ్తాను. పలక ఎందుకు దాచావని ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది, పైన రాసిందే. నేను ఆమెని అడగాల్సింది వేరే. నేను తీశానని నీకు తెలుసు. కొత్త రేకు కోయించిన రోజే నాకు అర్థమైంది. ఒక్క మాట అంటే ఆ రోజే నా పని అయిపోయేది. అనలేదు. "చూడగానే తెలిసిందండీ" అన్నావు. ఆ ముక్కతో నా దొంగతనమూ కప్పడిపోయింది, నీ పేరూ ఊరంతా మోగింది. ఏడేళ్ళుగా తిప్పి తిప్పి చూస్తున్నాను, ఎండ పక్కా, నీడ పక్కా. నాకు తేలడం లేదు. ఆ మాట నువ్వు నా కోసం అన్నావా, నీ కోసం అన్నావా?